మూడు చుక్కల జిగురు

ఓరిన్ టాకెట్ కొండల్లో కనిపించకుండా పోయిన నాలుగో రోజు ఉదయం పదిన్నరకు, షెరిఫ్ కార్యాలయం నుంచి డ్వైట్ కీనన్ ఒక ప్లాస్టిక్ సంచీ తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. అందులో ఒక వేటకత్తి ఉంది. అతని వెనకాలే వచ్చిన ఓరిన్ భార్య వెర్నా తలుపు దగ్గరే ఆగిపోయింది. ఆమె బూట్లకంటిన మంచు కరిగి నేల మీద మడుగు కడుతోంది.

"ఇది మా ఆయన కత్తి కాదని మీరైనా చెప్పండి మాస్టారూ వీడికి. ఆయన కత్తికి నల్ల స్క్రూలు, తల మీద నక్షత్రం గుంట. వీటికి చూడండి, అడ్డగాడి ఉంది. పంతొమ్మిదేళ్లుగా ఆ కత్తి కడుగుతున్నదాన్ని, నాకు తెలియదూ?"

వార్డెల్ ఫ్లాట్ బడిలో ముప్పై ఒక్క ఏళ్లు సైన్సు చెప్పి, పదవీ విరమణ చేశాక ఈ ఇనుప సామాన్ల దుకాణంలో స్క్రూల అరలు చూసుకుంటున్నాను. వీళ్లిద్దరూ నా దగ్గర చదివినవాళ్లే. వెర్నా ఎందుకంత గట్టిగా వాదిస్తోందో నాకు అర్థమైంది. కత్తి కెటిల్ వాగు ఒడ్డున దొరికింది. రెండు రోజుల క్రితం ఓరిన్ టోపీ అదే వాగులో, ఇంకా దిగువన దొరికింది. కత్తి కూడా అతనిదే అయితే వాగు అతన్ని మింగేసినట్టే లెక్క. మధ్యాహ్నంతో గాలింపు ఆపేసి, వసంతంలో నీళ్లు తగ్గాక శవం కోసం వెతుకుతారు.

సంచీ విప్పకముందే ఆ స్క్రూలను నేను గుర్తుపట్టాను.

మూడు వారాల కిందట ఓరిన్ ఈ కత్తితోనే వచ్చాడు. పిడి పలకలను పట్టి ఉంచే మూడు స్క్రూల్లో ఒకటి ఎక్కడో పడిపోయింది. మిగిలిన రెండూ తుప్పు పట్టాయి. తయారుచేసినవాళ్లకు రాస్తే నెల పడుతుందన్నారట. ఎల్క్ దుప్పుల వేట మొదలు కావడానికి పది రోజులే ఉంది.

"ఇవిగో, ఈ ఇత్తడివి ఎంత ముద్దుగా ఉన్నాయో!" అన్నాడు.

"ముద్దుగానే ఉంటాయి. నాలుగుసార్లు తిప్పితే తల అరిగిపోతుంది. కత్తికి నగలెందుకు?"

"జీవితంలో ముద్దుగా ఉన్నది ఒక్కటైనా కొన్నారా మాస్టారూ మీరు?"

చివరికి తుప్పు పట్టని ఉక్కువి తీశాను. అందులోనూ పొడవు చూడాలి. ఎక్కువైతే స్క్రూ మర రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది గాని పలక మాత్రం కదులుతూనే ఉంటుంది. నేను ఒక్కొక్కటే కొలుస్తుంటే, అతను జేబులోంచి పది సెంట్ల నాణెం తీసి ప్రతి స్క్రూ గాడిలోనూ దాని అంచు పెట్టి తిప్పి చూశాడు. నాణెం సరిగ్గా పట్టిన వెడల్పు గాడి ఉన్నవే కావాలన్నాడు. ఎందుకని అడిగితే పలక ఎత్తి చూపించాడు. పిడి లోపలి ఉక్కులో వేలెడు పొడవున ఒక గుంట ఉంది.

"ఇందులో ఏడు అగ్గిపుల్లలు, రాతి మీద గీసినా అంటుకునేవి, మైనంలో ముంచి దాస్తాను. కొండ మీద స్క్రూడ్రైవర్ ఎవడిస్తాడు? చిల్లర మాత్రం ఎప్పుడూ ఉంటుంది."

పుల్లలు సర్ది, బిగించి ఉంచమని నాకు అప్పగించి, ఎదురుగా ఉన్న హోటల్లో కాఫీకి వెళ్లాడు. అతను తిరిగి వచ్చేలోగా నేను మూడు స్క్రూలకూ మరల మీద ఒక్కొక్క చుక్క నీలం జిగురు వేసి బిగించాను. అదురుకు స్క్రూలు వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు అది. తుపాకీకైనా జీనుకైనా రంపానికైనా, అడవికి వెళ్లే ప్రతి స్క్రూకూ ఒక చుక్క వేయడం నా అలవాటు. అలవాటు కనుకనే చెప్పాలని తోచలేదు.

"ఇది ఓరిన్‌దేనమ్మా. ఆ స్క్రూలు మార్చింది నేనే," అన్నాను.

వెర్నా పక్కనున్న ఉప్పు బస్తాల మీద కూలబడింది. డ్వైట్ టోపీ తీశాడు.

"జోస్యం చెప్పే హెట్టీ కూడా మొన్ననే చెప్పింది. పటం మీద లోలకం ఊపితే వాగు దగ్గరే గిరగిరా తిరిగిందట," అని గొణిగాడు.

"ఆవిడ ఊసెత్తావంటే నీ పళ్లు రాలగొడతాను," అంది వెర్నా తల ఎత్తకుండానే.

లోలకాన్ని ముప్పై ఒక్క ఏళ్లు నేనూ తరగతిలో ఊపాను. గురుత్వాకర్షణ గురించి తప్ప అది నాకు మరే సంగతీ చెప్పలేదు. టోపీ వాగులో దొరికిందని ఊరంతా తెలిశాక హెట్టీ చేయి వాగు మీద తిరగడంలో వింతేమీ లేదు. కానీ ఆ మాట అని ఎవరిని ఓదార్చగలను? ఊరికే ఉండలేక కత్తిని దీపం కిందికి జరిపి, భూతద్దం తీశాను.

మూడు స్క్రూల గాళ్లూ చెదిరి ఉన్నాయి. చెదిరిన అంచులన్నీ ఒకే వైపుకు ఒరిగి ఉన్నాయి. అది విప్పే వైపు. గాడి మూలల్లో సన్నగా ఎర్రని పూత. పది సెంట్ల నాణెం పైకి తెల్లగా ఉన్నా, అంచులో రాగి ఉంటుంది.

"డ్వైట్, కత్తి నీళ్లలో దొరికిందా, ఒడ్డునా?"

"ఒడ్డునే. రెండు బండల సందులో. వాగు పొంగినప్పుడు విసిరేసి ఉంటుంది. ఆ గీతలూ రాళ్లకు కొట్టుకుని పడినవే."

"రాళ్లకు కొట్టుకుంటే గీతలు అన్ని వైపులా పడాలి. స్క్రూ ఏ వైపు తిప్పితే వస్తుందో రాళ్లకు తెలియదు. ఏడో తరగతిలో నీకూ తెలిసేది కాదనుకో. ఎవరో కూర్చుని నాణెంతో దీన్ని విప్పబోయారు."

వెర్నా లేచి వచ్చింది. "ఇంటి దగ్గర చేసుంటాడేమో."

"ఇంటి దగ్గరైతే విప్పడానికి డబ్బా నిండా పనిముట్లున్నాయి. నాణెంతో ప్రయత్నించి రాకపోతే ఆ రోజే ఇక్కడికొచ్చి నన్ను తిట్టేవాడు."

"రాకపోవడమేమిటి? ఎందుకు రాదు?"

చలి అనవచ్చు. తుప్పు అనవచ్చు. ఆ క్షణంలో నేనేం చెప్పినా ఆమె నమ్మేది. కానీ జిగురు సంగతి దాచితే నా వాదనకు ఆధారమే ఉండదు. డ్వైట్ మధ్యాహ్నం గాలింపు ఆపేస్తాడు.

చెప్పాను. మూడు చుక్కలూ లెక్కగా చెప్పాను. తరువాత పెద్ద స్క్రూడ్రైవర్ తీసి, కత్తిని బల్లకున్న ఇనుప పట్టులో బిగించి, రెండు చేతులతో తిప్పాను. మొదటి స్క్రూ టక్కుమని శబ్దం చేసి కదిలింది. ఎండిన జిగురు పొడిపొడిగా రాలింది. చివరిది విప్పి పలక ఎత్తాను. ఏడు పుల్లలూ ఉన్నాయి. తడి తగలలేదు.

వెర్నా ఒక పుల్ల తీసి వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"వాగులోంచి బయటికి వచ్చాడు," అన్నాను. "తడిసి, వణుకుతూ, ఒడ్డున కూర్చుని దీన్ని విప్పబోయాడు. రాలేదు. చేతులు మొద్దుబారి కత్తి బండల సందులోకి జారిపోయింది. నిప్పు లేదు. అక్కడి నుంచి ఎక్కడికి వెళ్తాడు?"

"గనికి," అంది వెర్నా వెంటనే. "పైన పాత జూబిలీ గని. వడగళ్లు పడ్డా, ఏం వచ్చినా అందులోనే దూరేవాడు."

"దాని నోటికి పదేళ్ల నుంచి చెక్కలు కొట్టేసి ఉన్నాయి కదా వదినా," అన్నాడు డ్వైట్.

"కొట్టింది ఎవరనుకున్నావ్? ఏ చెక్క ఊడుతుందో ఆయనకు తెలుసు."

"సొరంగం లోపలికి వెళ్లేకొద్దీ ఎండాకాలమైనా చలికాలమైనా ఒకే వేడి ఉంటుంది. మంచు చొరబడదు," అన్నాను.

డ్వైట్ రేడియో తీసి, దిగువన పడవల దగ్గరున్నవాళ్లను పైకి మళ్లించాడు. రెండో రేడియో నా దగ్గర పెట్టి తనూ వెళ్లిపోయాడు.

"ఈ గీతలు చెబుతున్నది ఒక్కటేనమ్మా," అన్నాను. "ఆ రోజు అతను బతికి ఉన్నాడు. ఈ రోజు సంగతి ఇవి చెప్పలేవు."

"తెలుసు." ఆమె గొంతులో తడి లేదు. "ఆయన బతికుంటే మిమ్మల్ని నోరారా తిడతాను. లేకపోతే... తిట్టడానికి నా దగ్గర మాట కూడా మిగలదు."

బయట మంచు పడుతూనే ఉంది. ఆమె ఆ ఏడు పుల్లలనూ కౌంటరు మీద వరుసగా పేర్చి వాటి ఎదుట కూర్చుంది. నేను పెట్టిన కాఫీ మీద తెట్టు కట్టింది. ఒంటిగంటకు అడిగింది.

"జిగురు వేయకపోయి ఉంటే?"

"ఆ రోజే మంట వేసుకునేవాడేమో."

"ఏమో ఏమిటి? ఖాయంగా చెప్పండి."

"కట్టెలు తడిగా ఉండొచ్చు. ఖాయంగా చెప్పలేను. కానీ అతని చేతిలో నిప్పు ఉండేది. అది మాత్రం ఖాయం."

రెండయింది, మూడయింది. గనికి వెళ్లే దారి మంచుతో మూసుకుపోయిందని రేడియోలో ఒక మాట వచ్చింది. తరువాత గరగర తప్ప ఏమీ లేదు. వెర్నా లేచి, సంచులు కుట్టే దారం కొంత తెంపింది. దాని కొసకు విప్పిన స్క్రూల్లో ఒకటి కట్టి నా వైపు చాపింది.

"మీరు ఊపండి మాస్టారూ."

"వెర్నా, అది నా చేయి కోరుకున్నదే చెబుతుంది. ఇంకేమీ చెప్పదు."

"అయితే మీ చేయి ఏం కోరుకుంటోందో చూడాలి నేను."

పట్టుకున్నాను. డెబ్బై మూడేళ్ల వయసులో, దుకాణం మధ్యలో, దారానికి కట్టిన స్క్రూను పట్టుకుని నిలబడ్డాను. అది కదిలింది. కదిలిస్తున్నది నా వేళ్ల కండరాలేనని నాకు తెలుసు. ఆపడం నా వల్ల కాలేదు. స్క్రూ ఉత్తరానికి, గని ఉన్న వైపుకు, ఊగుతూనే ఉంది. వెర్నా దాన్ని చూడలేదు. నా ముఖాన్నే చూసింది.

నాలుగూ ఇరవైకి రేడియో పలికింది. డ్వైట్ రొప్పుతున్నాడు.

"దొరికాడు. చెక్క ఊడదీసి లోపలున్నాడు, గోనెపట్టాల కింద. ఊపిరి ఉంది. మాటలేదు. కుడిచేతి వేళ్లు నల్లబడ్డాయి. మోసుకొస్తున్నాం. వదినకు చెప్పండి, ఊపిరి ఉంది."

వెర్నా బల్ల అంచు పట్టుకుని చాలాసేపు వంగి ఉండిపోయింది. తరువాత నిలబడి, కళ్లు తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"ముసలి పీనుగా!" అంది. "ఎవడడిగాడయ్యా నిన్ను జిగురు? చెప్పడానికి నోరు పడిపోయిందా? అన్నీ నీకే తెలుసనుకుంటావు! పిల్లలకు పాఠం చెప్పినట్టు కత్తికి కూడా నువ్వే చెప్పాలా? ఆ వేళ్లు పోతే నీ వేళ్లు కోసిస్తావా?"

నా విద్యార్థులెవరూ నన్ను ఎన్నడూ నువ్వు అనలేదు. నేను ఒక్క మాటకూ అడ్డు రాలేదు. కోటు తొడుక్కుని, తలుపు తీసి పట్టుకున్నాను. ఆమె మంచులో బండి దాకా తిడుతూ నడిచింది. బండి తలుపు వేసుకున్నాక కూడా అద్దం వెనక ఆమె పెదవులు ఆడుతూనే ఉన్నాయి.