పడవలో చోటు చాలని పిల్ల

ఆయా జ్లాతా రోజూ అందరికంటే ముందే బడి తలుపులు తీసేది. మూడో తరగతి గదిలో పొయ్యి రాజేసి, నేల ఊడ్చి, నల్లబల్లని తడిగుడ్డతో తుడిచేది. డాన్యూబ్ నది మీదనుంచి వచ్చే చలిగాలి ఏ సందులోంచైనా దూరిపోయేది. అందుకే పిల్లలొచ్చేలోగా గది వెచ్చబడాలని తొందరపడేది.

ఊడుస్తుంటే చీపురుకి ముందు తగిలేవి శేషాలు. ఒక బెంచీ కింద రెండు అక్రోటు కాయలు, ఇంకో బెంచీ మీద ఓ గుమ్మడిముక్క, ఒక్కోసారి నిద్రపోతున్న కోడిపిల్ల. ముందురోజు లెక్కల్లో మిగిలినవి. ఎవరి లెక్కలో మిగిలింది వాళ్లకే చెందాలి కాబట్టి, జ్లాతా దేన్ని ఎవరి బల్ల మీద పెట్టాలో చూసి పెట్టేది.

నెవ్యానా టీచరు రాకముందు ఇవేవీ లేవు. లెక్కలంటే పుస్తకంలోవే. ఒక తొట్టి, దానికి రెండు గొట్టాలు. ఒకటి నింపుతుంటే ఇంకోటి ఖాళీ చేస్తుంటుంది. తొట్టి ఎన్ని గంటల్లో నిండుతుంది?

"ఆ రెండో గొట్టానికి బిరడా కొట్టేస్తే పోలా టీచర్?" అన్నాడు జాలరివాళ్ల ఒగ్న్యాన్.

క్లాసంతా గొల్లున నవ్వింది. నెవ్యానాకి అది మొదటి ఉద్యోగం. కోప్పడబోయి, ఎందుకో పుస్తకం మూసేసింది.

"సరే, తొట్టి వద్దు. మీ ఇంట్లో ఏముందో చెప్పు, దాంతోనే లెక్క కడదాం."

ఒగ్న్యాన్ బుర్ర గోక్కున్నాడు. "మా నాయనమ్మ పదిహేడు మిరపకాయలు కాల్చింది. మేం అయిదుగురం. తలా ఎన్ని వస్తాయి?"

వాడి మాట పూర్తయ్యేసరికి గదంతా కాల్చిన మిరపకాయల కమ్మని వాసన. టీచరు బల్ల మీద కారం లేని పెద్ద ఎర్ర మిరపకాయలు పదిహేడు పొగలు కక్కుతున్నాయి. పిల్లలు మీదపడి లెక్క చేశారు. తలా మూడు, శేషం రెండు అనగానే పదిహేను కాయలు ఎలా వచ్చాయో అలాగే పోయాయి. రెండు మాత్రం ఉండిపోయాయి. ఒగ్న్యాన్ ఒకటి తిని, రెండోది టీచరుకిచ్చాడు.

ఇక ఆ రోజునుంచి లెక్కల గంటంటే పిల్లలు ప్రాణం పెట్టేవారు. భాగహారం అంటే కడుపునొప్పి తెచ్చుకునే వాళ్లు కూడా సాయంత్రం తాతల పక్కన చేరి, తేనెపట్లెన్ని, బాతులెన్ని అని పీక్కుతినేవారు. శేషం వచ్చే లెక్కే కావాలి అందరికీ. ఓ పోకిరీ పిల్లాడు పంతానికి పుస్తకంలోని తొట్టి లెక్క చదివితే గది మోకాలిలోతు నీళ్లయింది. "తొట్లూ గిట్లూ ఇంకోసారి తెచ్చారో, తుడుపుగుడ్డ మీ చేతికే ఇస్తా!" అని జ్లాతా తిట్టిపోసింది. ఎవరి లెక్కలోంచో తోడేలు వచ్చిన రోజు తర్వాత, లెక్కల్లోకి తోడేళ్లని తేకూడదని పిల్లలే కట్టడి చేసుకున్నారు. ఆ క్లాసువాళ్లు ఇప్పుడు తాతలూ అమ్మమ్మలూ అయ్యారు. అయినా మిరపకాయ కాల్చిన వాసన తగిలితే చాలు, పదిహేడుని అయిదుతో భాగించుకుంటారట.

జ్లాతాకి పిల్లల్లేరు. పడవలు బాగుచేసే మారిన్‌తో పెళ్లయి చాలా ఏళ్లయింది. పిల్లల సంగతి ఇంట్లో మాట్లాడుకోవడం కూడా మానేశారు. బడిలో ఎవరి చేతితొడుగులు ఎక్కడ చిరిగాయో, ఎవరికి జలుబు తొందరగా చేస్తుందో ఆవిడకి కన్నతల్లులకంటే బాగా తెలుసు. సాయంత్రం ఆ తల్లులొచ్చి ఎవరి పిల్లల్ని వాళ్లు తీసుకుపోయాక, గదిలో పొయ్యీ తనూ మాత్రమే ఉండేవాళ్లు.

మంచు కరుగుతున్న రోజుల్లో ఒక ఉదయం మళ్లీ ఒగ్న్యాన్ వంతొచ్చింది. నల్లబల్ల మీద తన లెక్క రాసి గట్టిగా చదివాడు.

"ఇరవై అయిదుగురు పిల్లలు నది దాటాలి. ఒక్కో పడవలో నలుగురే పడతారు. ఎన్ని పడవలు కావాలి?"

ఇరవై అయిదుగురూ వచ్చేశారు. బెంచీల మధ్య వరసగా, బుద్ధిగా నిలబడ్డారు. చివరున్న చిన్నపిల్ల మాత్రం వరస వదిలి, కట్టెలు వేస్తున్న జ్లాతా పక్కకొచ్చి చేతులు చాపింది.

"చలేస్తోందా?" అంది జ్లాతా, తన శాలువా తీసి కప్పుతూ.

"ఊఁ. ఈ పొయ్యి నీదా?"

"నాదే."

"నేనూ ఒక కట్టె వెయ్యనా?"

"వెయ్యి. చెయ్యి కాల్చుకునేవు, జాగ్రత్త."

అటు క్లాసులో రుమ్యానా అనే అమ్మాయి అందరికంటే ముందు లేచింది. "ఆరు పడవలు టీచర్! శేషం ఒకరు."

"ఆ ఒక్కరినీ ఒడ్డున వదిలేసి పోతారా?" అంది టీచరు నవ్వుతూ. "అడిగింది ఎన్ని కావాలని. బాగా ఆలోచించు."

రుమ్యానా నాలిక కరుచుకుంది. "అయితే ఇంకో పడవ..."

"ఆగమ్మాయ్!"

జ్లాతా క్లాసు మధ్యలో నోరెత్తడం అదే మొదటిసారి. ఏడో పడవ మాట పూర్తయితే ఈ పిల్లా అందులో ఎక్కి పోతుంది. అందరూ తిరిగి చూశారు. ఆవిడ ముఖం ఎర్రబడింది. "ఏం లేదు... పిల్ల ఇంకా చలి కాచుకుంటోంది" అంది.

టీచరు ఆవిణ్ణీ, శాలువాలో మునిగిపోయిన పిల్లనీ చూసింది.

"వాళ్లమ్మ వెతుక్కోదా పిన్నీ?" అంది.

ఒగ్న్యాన్ నేలచూపులు చూస్తూ గొణిగాడు. "లెక్కలో అమ్మలు లేరు టీచర్. పెట్టడం మర్చిపోయా."

టీచరు వచ్చి పిల్ల ముందు వంగింది. "వాళ్లతో పోతావా తల్లీ, ఉంటావా?"

పిల్ల వరసకేసి చూసింది, పొయ్యికేసి చూసింది. "ఈ కట్టె కాలేదాకా ఉంటా" అంది. కాసేపాగి, "తర్వాత ఇంకోటి వేస్తా" అంది.

నెవ్యానా నల్లబల్ల దగ్గరకెళ్లి చివరి వాక్యాన్ని అరచేత్తో తుడిచేసింది. 'ఎన్ని పడవలు నిండుతాయి?' అని రాసింది.

"ప్రశ్న మారింది. మళ్లీ చెయ్యండి."

"ఆరు నిండుతాయి! ఒకరు మిగుల్తారు!" క్లాసంతా ఒక్కసారే అరిచింది.

"నేను మొదట చెప్పింది అదేగా!" అంది రుమ్యానా ఉక్రోషంగా.

బెంచీల మధ్య వరస మాయమైంది. కిటికీలోంచి చూస్తే ఆరు పడవలు మంచుముక్కల్ని తప్పించుకుంటూ అవతలి ఒడ్డుకి పోతున్నాయి. పడవల్లోని పిల్లలు చేతులూపారు. శాలువా పిల్ల కూడా ఊపింది, కట్టె పట్టుకున్న చేత్తోనే.

"శేషం నాది కదా టీచర్" అన్నాడు ఒగ్న్యాన్. "పిన్నికి ఇచ్చేస్తున్నా. మా ఇంట్లో ఇప్పటికే చాలామందిమి."

సాయంత్రం పిల్ల జ్లాతా చిటికెనవేలు పట్టుకుని నడిచింది. దారిపొడుగునా ఏవేవో అడుగుతూనే ఉంది. ఆ కుక్క పేరేంటి, ఆ చింపిరి టోపీ ఎవరిది అని. జ్లాతాకి సగం మాటలు వినపడలేదు. మారిన్ ఏమంటాడోనన్న ఆలోచనలోనే ఉంది.

మారిన్ పెరట్లో బోర్లించిన పడవకి తారు పూస్తున్నాడు.

"ఎవరీ పిల్ల?"

"ఒగ్న్యాన్ లెక్కలో మిగిలింది" అంది జ్లాతా.

మారిన్ పిల్లని పైనుంచి కిందిదాకా చూశాడు. చూసి, చేతిలో కుంచె కింద పారేశాడు.

"నీకు బుద్ధుందా జ్లాతా? ఈ బురదలో, ఈ చలిలో పసిదాన్ని వట్టికాళ్లతో నడిపించుకొస్తావా? దీనికేమైనా అయితే?"

జ్లాతా అప్పుడే ఆ కాళ్లు చూసింది. ఆవిడకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. మారిన్ అప్పటికే మోకాళ్ల మీద కూలబడి, చేతులు చొక్కాకి తుడుచుకుని, నీలంగా కమిలిన ఆ రెండు పాదాల్నీ దోసిట్లోకి తీసుకుని నోటితో వేడిగాలి ఊదుతున్నాడు.

"నీ చేతుల నలుపు నాకు అంటించావు" అంది పిల్ల.

"కడుగుదాంలే" అన్నాడు మారిన్. దాన్ని భుజానికెత్తుకుని ఇంట్లోకి నడిచాడు.