ఫోన్ మార్చడానికి మంచి రోజు

టోంగా రాజ్యం మొత్తంలో వస్తువులు దాచడంలో నన్ను మించిన ఆడది లేదు. గొప్పకి చెప్పడం లేదు. మా ఆడపడుచు కలొలైనె ఇప్పటివరకూ కనిపెట్టినవి నాలుగే నాలుగు. పిండి డబ్బాలో పెట్టిన సెంటు సీసా, పందుల కొట్టం చూరులో దోపిన చెప్పుల జత, పాప ఉయ్యాల కింద పరిచిన పూల దుప్పటి, ఉతకాల్సిన బట్టల అడుగున పడేసిన చేతి సంచీ. నేను దాచినవి కూడా మొత్తం నాలుగే.

ఆవిడ వెతకదు. అదే విచిత్రం. వవావు దీవి నుంచి ఓడలో ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం చేసి వస్తుంది, తమ్ముడి ఇంట్లో చాప మీద కూర్చుంటుంది, "లెసియేలీ, పిండి డబ్బా ఇలా తే, టీలోకి ఏదైనా చేస్తాను" అంటుంది. ఇరవై ఏళ్లలో ఆవిడ మా ఇంట్లో పొయ్యి దగ్గరికి వెళ్లింది ఆ ఒక్కరోజే. మా దగ్గర అన్నదమ్ముల కంటే అక్కచెల్లెళ్లు ఒక మెట్టు పైన. తమ్ముడింటికి అక్క వస్తే ఆ ఇంట్లో కోడీ, కుర్చీ, కోడలూ అన్నీ ఆవిడవే. "ఇది బాగుందే" అంటే చాలు, ఆ వస్తువు ఇల్లు మారినట్టే. దాన్నెవరూ లాక్కోవడం అనరు, మర్యాద అంటారు. నా చెప్పులు ఆ మర్యాదలోనే వవావు వెళ్లాయి. ఏడాది తర్వాత ఒక పెళ్లి ఫొటోలో కలొలైనె సొంత ఆడపడుచు కాళ్లకి కనిపించాయి. నా చెప్పులు నాకంటే ఎక్కువ దీవులు తిరిగాయి.

అందుకే ఫోన్ ఎప్పుడు మార్చాలన్నది మా ఇంట్లో తుఫాను కబురంత పెద్ద విషయమైంది.

నా ఫోన్ బ్యాటరీ ఉబ్బి వీపు పైకి లేచింది. రబ్బరు బ్యాండు వేసి కట్టాను. తెర మీద పగుళ్లు మా వీధి కంటే ఎక్కువ మలుపులు తిరుగుతాయి. ఆ ఫోనే పొద్దున్నే నన్ను లేపుతుంది, అత్తగారి బీపీ మాత్రల వేళ చెబుతుంది, పెద్దోడి హోంవర్కు చూపిస్తుంది, కరెంటు పోతే లాంతరవుతుంది. ఆక్లండ్ నుంచి చుట్టాలు వీడియో కాల్ చేస్తే అందరి మొహాలూ కనబడేలా దాన్ని ఎత్తి పట్టుకునేది నేను. గంటసేపు పట్టుకుంటాను. పాటలు పాడతారు, ప్రార్థన చేస్తారు, ఏడుస్తారు. ఇన్నేళ్లలో ఆ కాల్స్‌లో నా మొహం ఎవరికీ కనబడలేదు. నా బొటనవేలు మాత్రం న్యూజీలాండులో మూడు తరాలకి పరిచయం. "కొంచెం పైకి పట్టు లెసియేలీ" అన్నదే వాళ్లు నాతో మాట్లాడే మాట.

అన్నిటికంటే పెద్ద జబ్బు, మెమొరీ. ఎప్పుడు చూసినా నిండిపోయిందంటుంది. పాప మొదటి అడుగు వేసిన రోజు వీడియో తియ్యబోతే అదే మాట. పాప లేచింది, అడుగేసింది, పడింది, ఏడ్చింది. నేను అప్పటికి పెద్దోడి పుట్టినరోజు ఫొటోలు ఒక్కోటీ చెరుపుతూ కూర్చున్నాను, చోటు కోసం. తల ఎత్తేసరికి మా అత్తగారు పాపని ఎత్తుకుని "తల్లికి ఫోన్ తప్ప లోకం లేదు" అని పాపకే ఫిర్యాదు చేస్తోంది.

"మోగుతోంది కదే. మోగే ఫోన్‌ని ఎవరైనా మారుస్తారా?" అన్నాడు సెమిసి, నా మొగుడు.

"నీది కూడా మోగేది. రెండుసార్లు మార్చావు."

"నాది వేరు. నాకు పని ఉంటుంది."

సెమిసి ఓడరేవులో కంటెయినర్లు దించుతాడు. కంటెయినర్ దించాలంటే మూడు కెమెరాల ఫోన్ ఉండాలని నాకు అప్పుడే తెలిసింది. నాది అంత గొప్ప పని కాదు. ఊళ్లో అతిథి గృహంలో పక్కలు మారుస్తాను, దుప్పట్లు ఉతుకుతాను, పర్యాటకులు తువ్వాళ్లతో తుడుచుకున్న రకరకాల బురదల మీద నాకు డాక్టరేట్ ఇవ్వొచ్చు. ఈ ఏడాది నుంచి ఎవరు ఏ రోజు రావాలో ఫోన్‌లోనే పంపుతున్నారు. ఆ కొత్త యాప్ నా ఫోన్‌ని చూసి మొహం తిప్పుకుంది. ఒక మంగళవారం వెళ్లి పదకొండు గదులు కడిగాను. సాయంత్రం మేనేజరమ్మ చూసి, "నీకివాళ డ్యూటీ లేదుగా, వారం మొదట్లోనే మార్చాను. నువ్వు రానట్టే లెక్క" అంది. పదకొండు గదులూ మెరుస్తున్నాయి. నేను రాలేదు. అవి వాటంతటవే కడుక్కున్నాయన్నమాట.

"ఫోన్ మార్చుకో తల్లీ. నీ ఒక్కదాని కోసం గోడకి కాగితం అంటించలేను. ఇంకోసారి ఇలాగైతే వేరే మనిషిని చూసుకోవాలి" అంది.

ఇంటికొచ్చి ఎనిమిది నెలలుగా అల్లుతున్న మొగలాకుల చాప పూర్తి చేశాను. ఆకు ఉడకబెట్టింది నేను, సముద్రంలో నానబెట్టింది నేను, ఎండబెట్టి చీల్చి అల్లింది నేను. అమ్మితే ఫోన్‌కి సరిపోతుంది. పుట్టి బుద్ధెరిగాక పూర్తిగా నాదే అనుకుని కొనుక్కోబోయే మొదటి వస్తువు అది. ఎవరూ వాడి ఇచ్చింది కాదు. ఎవరికీ ఇవ్వాల్సింది కాదు.

అప్పుడు కబురొచ్చింది. పాప మొదటి పుట్టినరోజుకి కలొలైనె వస్తోంది. మేనత్త రాకుండా మొదటి పుట్టినరోజు జరగదు. పెద్దపీట ఆవిడది, మంచి చాప ఆవిడది, కేకు ఆవిడది. పాప మాది.

"అక్క ఓడెక్కాక కొనుక్కో" అన్నాడు సెమిసి. మా పెళ్లయ్యాక అతను నాకిచ్చిన మొదటి పనికొచ్చే సలహా. అతనికీ తెలుసన్నమాట. తెలిసే ప్రతిసారీ చూరుకేసి చూస్తూ కూర్చున్నాడన్నమాట.

పుట్టినరోజు కోసం వచ్చిన మనిషి, చర్చి మహాసభ కోసం ఉంది. ఆ తర్వాత సముద్రం బాగాలేదని ఉంది. సముద్రం అద్దంలా ఉన్న రోజు నడుం బాగాలేదని ఉంది. ఐదు వారాలు. నేను రోజూ చీకటితో అతిథి గృహానికి నడిచి వెళ్లి, నా పేరు ఉందో లేదో కనుక్కుని, లేకపోతే వెనక్కి నడిచి వచ్చేదాన్ని. ఒక రోజు నా రబ్బరు బ్యాండు ఫోన్‌ని కలొలైనె చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. "ఛీ, ఇదేం ఫోనే" అని తిరిగి ఇచ్చేసింది. దాని మీద నాకు పుట్టిన ప్రేమ ఎవరి మీదా పుట్టలేదు.

చివరికి ఓడెక్కింది. మా పూల కర్టెన్లతో సహా ఎక్కింది. రేవులో చెయ్యి ఊపాను. ఓడ పగడపు దిబ్బలు దాటి, చుక్కయి, ఆ చుక్క కూడా పోయేదాకా ఊపాను. ఓడలు వెనక్కి తిరిగిన సందర్భాలున్నాయి. తర్వాత చాప అమ్మిన డబ్బుతో నేరుగా ఫోన్ల కొట్టుకి నడిచాను.

కొట్లో అమ్మాయి చురుకైనది. కొత్త ఫోన్ డబ్బా విప్పి నా చేతికిచ్చింది. నీలం రంగు. నా మొహం అందులో కనబడింది, బొటనవేలు కాదు. పాతదానిలోవి కొత్తదానిలోకి ఎక్కించడానికి అరగంట పడుతుందంది. ఆ అరగంటా ఆ పిల్లకి కలొలైనె పురాణం మొత్తం వినిపించాను. సెంటు సీసా దగ్గర నవ్వింది, చెప్పుల దగ్గర కౌంటర్ పట్టుకుని నవ్వింది. "మనిషన్నాక ఎదుటిదాని గుండెలో ఏముందో ఒక్కసారైనా చూడక్కర్లేదా?" అన్నాను. బాగా అన్నానని నాకే అనిపించింది.

"పాతది మాకు వదిలేస్తారా? తుడిచేసి, విడిభాగాలకి పంపేస్తాం" అంది.

"తుడిచేయ్. దరిద్రం వదుల్తుంది."

వేలు పెట్టబోయి ఆగింది. "అక్కా, ఇందులో వేరే అకౌంట్ కింద రికార్డింగులున్నాయి. చాలా పెద్దవి. చోటంతా ఇవే తినేశాయి. అమ్మ ఒకటి, అమ్మ రెండు... నలభై ఒకటి దాకా ఉన్నాయి. ఎక్కించనా, తుడిచెయ్యనా?"

మా అమ్మ పక్క వీధిలో ఉంటుంది. ఆవిడ గొంతు రికార్డు చేయాల్సిన పని లేదు, ఇక్కడికే వినబడుతుంది. "నాది కాదే, ఏదో ఒకటి పెట్టు చూద్దాం" అన్నాను.

ఒక ముసలావిడ దగ్గింది. తర్వాత, "పక్కన పెట్టవే ఆ ఫోను. నేనేమన్నా రేడియోనా? ముందు తిను సియాలే, దుంప చల్లారిపోతోంది. సరే సరే, చెబుతాను. మా అమ్మ పేరు చెబుతాను, వాళ్లమ్మ పేరు చెబుతాను, మర్చిపోకు..."

కొట్లో ఫ్యాన్ తిరుగుతోంది. నాకు ఆ చప్పుడు కూడా వినబడటం మానేసింది.

సియాలె నా మరదలు. మా తమ్ముడు ఫినౌ పెళ్లాం. వాళ్లమ్మ పోయి నాలుగేళ్లు దాటింది. ఆ చావుకి నేను నల్లబట్టలు కట్టి, ఆచారం ప్రకారం నడుముకి పెద్ద చాప చుట్టుకుని వెళ్లి, అందరికంటే గట్టిగా ఏడ్చాను. ఆ తర్వాత మూడో నెలలో ఈ ఫోన్ నా దగ్గరికి వచ్చింది.

"ఈ ఫోన్ మీరు కొన్నది కాదా అక్కా?" అంది ఆ పిల్ల.

"మా మరదలు ఇచ్చింది" అన్నాను.

ఆ పిల్ల నవ్వడం మానేసింది. పాత ఫోన్‌కి రబ్బరు బ్యాండు జాగ్రత్తగా వేసి, రెండు చేతులతో నాకిచ్చింది.

తమ్ముడి ఇంటికి వెళ్లే దారిలో నేను చెప్పాల్సినదంతా తయారు చేసుకున్నాను. అబద్ధాలు ఆడటంలో నాకు మంచి పేరుంది. చిన్నప్పుడు పాస్టరుగారి పంది బాప్తిస్మం అడుగుతోందని ఊరిని నమ్మించినదాన్ని. సియాలె పెరట్లో దుంగ ముందు కూర్చుని బట్ట కోసం చెట్టుబెరడు కొడుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను.

"సియాలే, ఒక మంచి కబురు. నీ ఫోన్‌లో మీ అమ్మ మాటలున్నాయి కదా. నాలుగేళ్లుగా భద్రంగా దాచాను. ఫోన్ మారుస్తున్నా కదా, నీకివ్వాలని తెచ్చా."

కొయ్య సుత్తి గాలిలో ఆగింది.

"దాచావా వదినా?" అంది మెల్లగా. "పోయిన క్రిస్మస్‌కి చర్చి మెట్ల మీద, మెమొరీ నిండింది, అన్నీ పీకేస్తానన్నావు. అందరూ నవ్వారు. ఆ పూట నాకు ముద్ద దిగలేదు. నువ్వు ఫోన్ మార్చడానికి చాప అల్లుతున్నావని ఫినౌ చెప్పాడు. అప్పటి నుంచి రోజూ అనుకుంటున్నా, ఆ చాప ఇంకా అయిపోకూడదు, ఇంకా అయిపోకూడదు అని."

బెరడు పక్కన కూలబడ్డాను. "అడగొచ్చు కదే. ఒక్క మాట అడిగితే ఇచ్చేదాన్ని కదా."

"నువ్వు కలొలైనెని అడిగావా?"

తిట్టినట్టు అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను పాత ఫోన్ తీసి ముందుకి చాపాను. సియాలె అందుకుని, లంగా అంచుతో తెర తుడిచి, ఒళ్లో పెట్టుకుంది. ఇంకా వినలేదు. నేను వెళ్లేదాకా వినదని అర్థమైంది.

"కొత్తది ఏదీ, చూపించు" అంది, మర్యాదకి.

నా చెయ్యి దానంతటదే వెళ్లి సంచీ మూతి గట్టిగా మూసింది. నేను మూయలేదు, ఒట్టు, చెయ్యే మూసింది. సియాలె చూసింది. ఇన్నేళ్లలో మొదటిసారి నా మొహంలోకి నేరుగా చూసి నవ్వింది.

"భయపడకు వదినా. తీసుకునే వరస నాది కాదు."

ఆ పెరట్లో, ఆ ఎండలో, నేను నాలుగేళ్లుగా అందరికీ చెప్పిన కథ గుర్తొచ్చింది. మా మరదలు ఎంత మంచిదంటే చేతిలో ఫోన్ తీసి ఇచ్చేసింది అని. అసలు జరిగింది కూడా గుర్తొచ్చింది. ఎప్పుడూ మర్చిపోలేదు కాబట్టి గుర్తొచ్చింది అనడం కూడా అబద్ధమే. ఆ రోజు వాళ్లింట్లో సియాలె చేతిలో ఫోన్ చూసి, భలే ఉందే అన్నాను. ఫినౌ పెండలం తింటూ తల ఎత్తకుండా "ఇచ్చెయ్ అక్కకి" అన్నాడు. సియాలె ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది.

"సియాలే" అన్నాను. "నేనేం దాచలేదు. ఇందాక కొట్లో తుడిచేయమన్నాను కూడా. నువ్వు ఆ రోజు ఇవ్వలేదు. ఒక్క రోజు ఆగు వదినా, రేపిస్తాను అన్నావు. నాకు వినబడింది. విని, నవ్వి, సంచీలో వేసుకున్నాను."