ఇంజను రంగు పూసిన అలమర

నేను ఒక అలమరను. హాల్లో అద్దాల తలుపులతో నిలబడి, వచ్చిపోయేవాళ్ళకు వెండి గిన్నెలు చూపించే జాతి కాదు. వంటింటి జాతి. ఒళ్ళంతా వేపచెక్క, పొట్టి కాళ్ళు, రెండు తలుపులు.

నన్ను చేసింది వీరాచారి అనే వడ్రంగి. చీరాల బస్టాండు వెనక కాఫీ హోటలు వాళ్ళు బన్నులూ చక్కెర డబ్బాలూ పెట్టుకోవడానికి చేయించారు. వేపచెక్కకు పురుగు పట్టదని మురిసిపోయారు. పురుగు పట్టలేదు, నిజమే. భాగస్థులకే పడలేదు. హోటలు మూసేశారు. చెక్కను ఎంచుకున్నంత జాగ్రత్తగా మనుషులు భాగస్థుణ్ణి ఎంచుకోరు.

కొన్నాళ్ళు ఒక గోడౌనులో గోనెసంచుల మధ్య పడి ఉన్నాను. అక్కడి నుంచి నన్ను రిక్షా మీద ఇంటికి తెచ్చుకున్నవాడు అంకమరావు. రైసుమిల్లులో ఇంజను డ్రైవరు. అప్పటికి కొత్తగా పెళ్ళయింది. నన్ను వంటింట్లో దించి భార్యతో, "ఇదిగో, నీకు" అన్నాడు. ఆ మనిషి మాటలు అంతే.

అతని భార్య మాణిక్యమ్మ నన్ను కుంకుడు రసంతో కడిగింది. ఎండలో ఆరబెట్టింది. తలుపులకు పసుపు రాసి బొట్లు పెట్టింది. చీమలు ఎక్కకుండా కాళ్ళ కింద నీళ్ళ మూకుళ్ళు పెట్టింది. కొన్నది అతను. కానీ ఆ రోజు నుంచి నేను ఆమె అలమరను.

పై అరలో ఆవకాయ, మాగాయ జాడీలు. దాని కింద ఇంగువ డబ్బా, మెంతులు, జీలకర్ర. అడుగున నెయ్యి గిన్నె. ఏళ్ళ తరబడి ఆమె తడి చేతులతో, నూనె చేతులతో నా తలుపులు తీసింది, మూసింది. మనిషి ఒంటికి పట్టింది కడుక్కుంటే పోతుంది. చెక్కకు పట్టింది లోపలికి దిగుతుంది. నా తలుపు తెరిస్తే ఒక వాసన వచ్చేది. ఇంగువా కాదు, ఆవపిండీ కాదు, నెయ్యీ కాదు. అన్నీ కలిసిన ఆమె వంటింటి వాసన.

మిల్లు నుంచి వచ్చిన అంకమరావు చేతులు కడుక్కోకుండా నన్ను ముట్టుకుంటే ఆమె కసిరేది.

"ఆ డీజిలు చేతులు తియ్యి. నా అలమరకు కంపు పట్టిద్ది."

అతను నవ్వేవాడు. అతను నవ్వగా నేను చూసింది అప్పుడే.

వాళ్ళకు పిల్లలు లేరు. ఒక వానాకాలం మాణిక్యమ్మ జ్వరంతో ఆసుపత్రికి వెళ్ళింది. తిరిగి తెచ్చినప్పుడు వసారాలోనే పడుకోబెట్టారు. వంటింట్లో ఉన్న నాకు ఏడుపులు మాత్రమే వినబడ్డాయి.

పెద్దకర్మ రోజున ఆమె చెల్లెలు పున్నమ్మ వంటింట్లోకి వచ్చింది. అదే వీధి చివర ఆమె ఇల్లు. మైల పడిన ఇంట్లో పాత పచ్చళ్ళు ఉంచరని ఆచారం. జాడీలు దించి, అక్క పెట్టిన ఆవకాయంతా పెరట్లో గుంట తీసి పోసింది. డబ్బాలన్నీ బోర్లించింది. జాడీలు కడిగింది. కడుగుతూ ఏడ్చింది. అది నేను చూశాను. అంకమరావు చూసింది కడిగిన జాడీలనే.

"ఎవరు పారబొయ్యమన్నారు నిన్ను?"

"మైల బావా. ఎవరింట్లోనైనా ఇంతేగా."

"నా ఇంట్లో నన్నడగాల."

"అడిగితే ఇచ్చేవాడివా?"

"పో."

ఆ తర్వాత అతను ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రావడం మానలేదు. రోజూ గిన్నెలో కూర తెచ్చి గట్టు మీద పెట్టి, ఏదో ఒక మాట విసిరి పోయేది. అతను కూర తినేవాడు. మాటకు బదులిచ్చేవాడు కాదు. మనుషుల కోపం నాలుక దాకా వస్తుంది కానీ కడుపు దాకా దిగదు.

నన్ను ఖాళీగానే ఉంచాడు. ఉప్పు, కారం, పప్పు అన్నీ గట్టు మీదే. పొద్దున్నే వచ్చి నా తలుపు తీసి, పై అరలోకి తల పెట్టి నిలబడేవాడు. ఏమీ తీసుకునేవాడు కాదు, ఏమీ పెట్టేవాడు కాదు. ఎక్కువసేపు తెరిస్తే ఆమె వాసన అయిపోతుందేమోనని వెంటనే మూసేవాడు. నేనూ ఆ వేళ కోసం ఎదురుచూసేదాన్ని. తీసేది ఆమె కాదని నాకు తెలుసు. అయినా పిడి మీద చెయ్యి పడిన ప్రతిసారీ ఆమె గాజుల చప్పుడు వినబడుతుందేమోనని చూసేదాన్ని.

ఏడాది తిరిగేసరికి వాసన పలచబడింది. నా పలకల మధ్య బీటలు వచ్చాయి. అతను వాటిని వేలితో తడిమి, "కారిపోతోంది" అనుకున్నాడు. ఇంజను మనిషి. అతని లెక్కలో ఏదైనా తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోట లప్పం కూరి రంగు పూస్తే ఆగుతుంది. మిల్లులో డీజిలు పీపాలకు జీవితమంతా అదే చేశాడు.

సంవత్సరీకం అయ్యాక ఇంటికి సున్నం వేయించాడు. సున్నం వేసేవాళ్ళు అలమరకు కూడా రంగు కొడతామంటే, "దాని జోలికి రాబాకండి" అన్నాడు. వాళ్ళు వెళ్ళాక తనే మొదలుపెట్టాడు.

ఉప్పుకాగితంతో బయటంతా రుద్దాడు. ఆమె పెట్టిన బొట్లు పోయాయి. పిడి చుట్టూ ఆమె వేళ్ళ జిడ్డు పోయింది. అవి పోతున్నాయని అతను చూసుకోలేదు. ధ్యాసంతా లోపలి మీదే. బీటల్లో లప్పం కూరాడు. తలుపులు గట్టిగా మూశాడు. మిల్లు ఇంజనుకు వేసే ఆకుపచ్చ రంగులో టర్పెంటైను ధారాళంగా కలిపి, తలుపుల సందు కూడా కనబడకుండా పూశాడు. ఒక పూత ఆరకముందే ఇంకొకటి. రంగు వేసేటప్పుడు తలుపులు తెరిచి ఉంచాలని అతనికి తెలుసు. తెలిసే మూశాడు.

రంగు తడి గాలికే ఆరిపోతుందనుకున్నాడు. అది లోపలికీ దిగుతుంది. నా చెక్క ఆ టర్పెంటైనును తాగింది. పూత పూతకీ నాలోని ఇంగువ, ఆవ, నెయ్యి వెనక్కి తగ్గిపోయాయి. అరవడానికి నాకు గొంతు లేదు. ఉన్నవి తలుపులు. వాటిని అతను అంటించేశాడు.

మర్నాడు పున్నమ్మ కూర గిన్నెతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంది బావా ఇది? అలమరనుకున్నావా, ట్రాక్టరనుకున్నావా?"

ఆమె వచ్చి తలుపు లాగింది. రాలేదు.

"మూసి పూశావా? ఇట్టా పూసేవోళ్ళని నేను యాడా చూళ్ళా. మా అక్కే ఉంటే ఆ బ్రష్షుతోనే నీకు నాలుగు తగిలించేది."

"తియ్యమాక."

ఏడాది తర్వాత ఆమెతో అతను అన్న మొదటి మాట అది.

"ఏం? ఎందుకు తియ్యకూడదు?"

"లోపల ఉంది."

"ఏముంది? నేనేగా ఖాళీ చేసింది."

"నువ్వు పారబొయ్యంది ఒకటుంది. వాసన."

పున్నమ్మ గిన్నె గట్టు మీద పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"నాక్కూడా అక్కే బావా. ఒక్కసారి చూడనియ్యి. పచ్చడి పారబోసిన చేతులే, నిజమే. అయినా ఒక్కసారి."

అతను కూరగాయల చాకు తీసి ఆమె చేతికిచ్చి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె తలుపుల సందులో చాకు దించి పై నుంచి కిందికి కోసింది. పచ్చి రంగు పొరలుగా సాగి తెగింది. తలుపు తెరుచుకుంది. ఆమె పై అరలోకి తల పెట్టి గుండెల నిండా పీల్చింది.

నాలో ఉన్నది టర్పెంటైను ఒక్కటే. కళ్ళు మండించే టర్పెంటైను.

"ఉందా?" అన్నాడతను, ఇటు తిరగకుండానే.

ఈ మనిషిని ఏ రోజూ ఒక్క మాట అనకుండా వదలని ఆడది ఆమె. ఇప్పుడు అనడానికి కావలసినంత ఉంది.

"ఉంది బావా. అట్టాగే ఉంది."

"అయితే మూసెయ్. కారిపోద్ది."

ఆమె మూసింది. కళ్ళు తుడుచుకుంది. అతను కంచం దగ్గరికి లాక్కుంటూ, "నువ్వు తిన్నావా?" అని అడిగాడు.

ఇప్పుడు పొద్దున్నే వచ్చి అతను తలుపు తియ్యడు. అరచెయ్యి ఆనించి నిలబడతాడు. అతనికి కావలసింది మాణిక్యమ్మ వాసన. నాకు కావలసింది ఆమె చెయ్యి. మా ఇద్దరి దగ్గరా లేనిదాని కోసం ఒకే తలుపుకు చెరోవైపు నిలబడి ఉంటాం.