కోదాడ లైన్లో ఉంది

"మీరు వెళ్లి రండే, నా గురించి చూడకండి" అని రజని అన్న మాట నిజమే. అదీ మెల్లగా కాదు, మంచం మీద లేవబోయి, నొప్పికి అబ్బా అనుకుంటూ, వీధిలోకి వినపడేలా అంది. అయితే మాత్రం? అలా అన్న మనిషి మనసులో ఏముంటుందో నలభై ఏళ్ల స్నేహితులకు తెలియొద్దా? "నువ్వు లేకుండ మేమెట్ల పోతమే" అని వాళ్లంటారు, తను ఇంకోసారి పొమ్మంటుంది, వాళ్లు ససేమిరా అంటారు, తను కాస్త కోప్పడుతుంది, చివరికి ప్రయాణం వాయిదా పడుతుంది. ఆ నాటకమంతా రజని ముందే మనసులో ఆడించేసుకుంది. ఊర్మిళా జ్యోత్స్నా ఏం చేశారు? "సరే మరి, నువ్వింత చెప్తున్నవ్ గదా" అని పెట్టెలు సర్దుకుని వియత్నాం విమానం ఎక్కేశారు.

కడుపు మండదూ మరి!

అసలు ఆ ప్రయాణం ఆలోచనే రజనిది. ఆమె వయసులో ఉన్నప్పుడు కోదాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఆపరేటరు. చెవులకు హెడ్‌సెట్టు, ముందు బోర్డు, చేతిలో పిన్నులున్న తీగలు. ఎవరైనా ఫోనెత్తి ఊరి పేరు చెబితే, ఆ ఊరి ఎక్స్ఛేంజ్‌ని పలకరించి, తీగ గుచ్చి, ఇద్దరినీ కలపాలి. సూర్యాపేట బోర్డు ముందు ఊర్మిళ కూర్చునేది, మిర్యాలగూడ బోర్డు ముందు జ్యోత్స్న. ఒకరి మొహం ఒకరికి తెలియదు. "సూర్యాపేటా, కోదాడ మాట్లాడుతున్నా, మిర్యాలగూడ ఇవ్వు" అంటే "లైన్లో ఉండు కోదాడా" అని జవాబు. మధ్యాహ్నం పూట కాల్స్ పలచబడ్డాక ఆ మూడు ఊళ్లూ కబుర్లలో పడేవి. ఊర్మిళది ఎకరాలకెకరాలున్న ఇల్లు. రజని తండ్రి గొర్రెలు కాసేవాడు. కానీ తీగలో వచ్చే గొంతుకు ఎవరిదే ఇల్లో ఏం తెలుస్తుంది? పెళ్లిచూపులకు కట్టిన చీర రంగు దగ్గర్నుంచి అత్తగారు పెట్టిన పేచీ దాకా అన్నీ ఒకరికొకరు చెప్పుకునేవారు. చూడడానికి వీల్లేదు కనక ఎంత బాగా చెప్పేవారని! జ్యోత్స్న చింతచిగురు పప్పు ఎలా వండిందో చెబుతుంటే ఇక్కడ రజనికి నోరూరేది.

అలా రెండేళ్లు గడిచాక ఒకనాడు రజని సూర్యాపేట బస్టాండులో "మిర్యాలగూడ బస్సు ఎక్కడ ఆగుతుందండీ?" అని ఎవరినో అడిగింది. అవతల బెంచీ మీద సంచీ పట్టుకుని కూర్చున్న సన్నటి పిల్ల గిరుక్కున తిరిగింది. "కోదాడవా నువ్వు?" అంది. ఆ పిల్ల ఊర్మిళ. ఇద్దరూ బస్టాండు మధ్యలో ఒకరినొకరు కావిలించుకుని ఏడిస్తే, పాపం ఎవరో పోయారనుకుని ఒక పెద్దాయన వచ్చి ఓదార్చాడు కూడా. బోర్డులు పోయి, ఆటోమేటిక్ ఎక్స్ఛేంజ్‌లు వచ్చి, ఇంటింటికీ సెల్‌ఫోన్లు వచ్చి, ముగ్గురికీ రిటైర్మెంట్లు అయి, మనవలు పుట్టుకొచ్చినా ఆ పిలుపులు మారలేదు. పేర్లు పెట్టి పిలుచుకుంటే ఎవరో పరాయివాళ్లని పిలిచినట్టుండేది వాళ్లకు.

"ఎంతమందికి దుబాయ్ కలిపాం, మస్కట్ కలిపాం! మనం మాత్రం కృష్ణ దాటి అటు పోలేదు. ఒక్కసారైనా సముద్రం దాటకుండా చస్తామా?" అని రజనే మొదలుపెట్టింది. టూర్ వాళ్లతో తనే మాట్లాడింది. ఫోన్ల సంగతీ తనే చూసుకుంది. సూర్యాపేటలో ఊర్మిళ ఇంట్లో కూర్చుని ముగ్గురి ఫోన్లలోకీ ఈ-సిమ్ ఎక్కించింది. కోడ్ స్కాన్ చేస్తే చాలు, పిన్ను పెట్టి పొడిచి సిమ్ము మార్చే పని లేదు. ఆ దేశంలో దిగగానే అక్కడి నెట్టు అందుకుంటుంది.

"కంటికి కనవడని సిమ్మును ఉన్నదని ఎట్ల నమ్మాలె?" అంది జ్యోత్స్న అనుమానంగా.

"తీగలో మాట నీకెప్పుడైనా కనపడిందా?" అని కసిరింది రజని. "ఈ-సిమ్‌కి నంబరు ఉండదు, నెట్టు మటుకే. మనకి వాట్సాప్ ఉందిగా, చాలు. మన ఊరి సిమ్ము బ్యాంకు ఓటీపీల కోసం ఊరికే ఆన్లో ఉంటుంది. దాని డేటా ముట్టుకోవద్దు. దానికి కాల్ వస్తే ఎత్తొద్దు. ఎత్తారా, బిల్లు చూసి గుండె ఆగి పోతారు." ఈ మాట ఎన్నిసార్లు చెప్పిందంటే, "ఓ యమ్మా, సమజైంది, ఇగ మా తలకాయ తినకు" అని ఊర్మిళ దండం పెట్టింది.

ఆ తర్వాత రజని కోదాడలో సొంత ఇంటి మెట్ల మీదే జారిపడింది. తొడ ఎముక విరిగింది. సూర్యాపేట దవాఖానలో ఆపరేషను చేసి, కొన్నాళ్లు మంచం దిగొద్దని చెప్పి పంపారు. వాళ్లిద్దరూ హనోయ్‌లో దిగారు. రజని ఫోన్లోని ఈ-సిమ్ మాత్రం సెట్టింగుల్లో "ఇంకా మొదలుకాలేదు" అని చూపిస్తూ అలాగే పడి ఉంది. దాన్ని తీసెయ్యబుద్ధి కాలేదు, చూడబుద్ధీ కాలేదు.

పాపం వాళ్లు ఆమెను మరిచిపోలేదు. అదే ఇంకా పెద్ద బాధ. దిగిన గంట నుంచీ వీడియో కాల్సే. "ఇగో సూడు కోదాడా, సముద్రంల కొండలు!" అంటే రజనికి కనపడేది ఊర్మిళ గడ్డం, దాని పైన కాస్త ఆకాశం. "గీడ సూడు, గీడ" అంటూ ఫోను గిర్రున తిప్పితే కళ్లు తిరిగేవి. మధ్యలో ఇద్దరూ ఏదో అనుకుని పడీ పడీ నవ్వేవారు. "ఏంటే, ఏంటి?" అని రజని అడిగితే "ఏం లేదు, పొద్దుగాల ఒక ముచ్చట అయింది, నీకు చెప్తే సమజ్‌గాదు" అనేవారు. సమజ్ కాదట! నిన్నటిదాకా ముగ్గురికీ తెలియని ముచ్చట ఒక్కటి లేదు. ఇప్పుడు ఇద్దరికి మాత్రమే తెలిసినవి రోజూ పుడుతున్నాయి. ముగ్గురనేది పోయి ఇద్దరూ ఒకరూ అయిపోయారు. వాళ్లు తిరిగొచ్చాక కూడా ఇలాగే ఉంటుందేమో, వాళ్లు వియత్నాం కబుర్లు చెప్పుకుంటుంటే తను చుట్టపుచూపుగా నవ్వాలేమో అనుకుంటే రజనికి ఏడుపొచ్చేది. ఐదోనాడు పొద్దున కాల్ వస్తే ఎత్తలేదు. రెండోసారి వస్తే ఫోను బోర్లా తిప్పి పెట్టింది.

"ఆంటీ వాళ్లు చేస్తున్నారు అత్తయ్యా" అంది కోడలు ప్రత్యూష, టీ తెచ్చి పెడుతూ.

"చెయ్యనీ. నిద్రపోతున్నానని చెప్పు."

"కళ్లు తెరుచుకునా?" అని నవ్వి వెళ్లిపోయింది ప్రత్యూష.

ఆ సాయంత్రం ఇంకా ఎండ తగ్గకముందే ఫోను మళ్లీ మోగింది. ఆగి, మళ్లీ మోగింది. ఆగి, మళ్లీ. విసుగొచ్చి ఎత్తింది రజని. తెర మీద మొహం లేదు, ఎవరివో భుజాలు, ఎర్ర దీపాలు అలుక్కుపోయినట్టు కదులుతున్నాయి.

"కోదాడా!" అంది ఊర్మిళ గాభరాగా. "మిర్యాలగూడ కనవడ్తలేదే. గైడు రెండు గంటలు సొంతంగ తిరుగుండ్రన్నడు. దుకాణంల చీర లెక్క ఏదో బట్ట సూస్తున్న, తిరిగి సూసేవరకు లేదు. దానికి ఫోన్ చేస్తే కలుస్తలేదు. హోటల్ పేరు, గైడు నంబరు ఉన్న కార్డు దాని సంచిల ఉన్నది. గీళ్లకు నా మాట రాదు, నాకు గీళ్ల మాట రాదు. నేనేం జెయ్యాలె?" అని చిన్నపిల్లలా ఏడ్చేసింది.

రజని కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియదు. "ముందు ఏడుపు ఆపు. చార్జింగు ఎంతుంది?"

"ఎర్రగైంది."

"అయితే వీడియో ఆపెయ్యి. మాట చాలు. ఉన్నచోటు నుంచి కదలకు. సూర్యాపేటా, వింటున్నావా? లైన్లో ఉండు."

ఆ మాట నోట్లోంచి రాగానే రజని కళ్ల ముందు పాత బోర్డు కదిలింది. ఎన్నేళ్లయింది అలా అని!

"ప్రత్యూషా, నీ ఫోను ఇటు తే!" అని కేకేసింది. కోడలి ఫోన్లోంచి జ్యోత్స్నకు వాట్సాప్ చేస్తే పోలేదు. మెసేజి పెడితే ఒక్క టిక్కే పడింది. నెట్టు లేదన్నమాట. ఏం చేసుంటుందో రజనికి ఇట్టే తట్టింది. సిమ్ము డేటా ముట్టుకోవద్దు, ముట్టుకోవద్దు అని తను అన్నిసార్లు బెదిరించిందిగా, ఫోన్లో రెండు సిమ్ములు చూసి, ఏది ఏదో తెలియక, భయంతో ఈ-సిమ్ కాస్తా ఆపేసి ఉంటుంది. ఇక మిగిలింది మన ఊరి నంబరు. రజని దానికి మామూలు కాల్ చేసింది. మోగింది, మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేస్తే అవతల కట్ చేశారు. చెయ్యరూ మరి? కాల్ వస్తే ఎత్తొద్దని చెప్పిన మహాతల్లి ఎవరు?

"మిర్యాలగూడా, ఎత్తవే, ఎత్తు, నీ కాళ్లు పట్టుకుంటా" అని రజని తలపట్టుకుంది. మొదటి ఫోన్లో ఊర్మిళ ముక్కు చీదుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఊరికీ ఊరికీ కలిపే ట్రంక్‌కాల్స్‌లో ఆర్డినరీ ఒకటి, అర్జెంటు ఒకటి, వాటన్నిటినీ మించింది లైట్నింగ్. చావు కబురుకో పురుడు కబురుకో తప్ప ఎవరూ లైట్నింగ్ బుక్ చెయ్యరు. లైట్నింగ్ అన్న మాట వినపడితే ఆపరేటరు నోట్లో ముద్ద ఉన్నా సరే, లేచి తీగ అందుకోవాల్సిందే. రజని నెట్టు అక్కర్లేని మామూలు మెసేజి పెట్టింది: "కోదాడ నుంచి లైట్నింగ్ కాల్. ఎత్తు." పెట్టి, మళ్లీ రింగు చేసింది.

మొదటి రింగుకే ఎత్తింది జ్యోత్స్న. "ఏమైందే కోదాడా? ఎవలకేమైంది?" అంది.

"ఎవరికీ ఏం కాలేదు. సూర్యాపేట తప్పిపోయింది, నువ్వు కూడా తప్పిపోయావు. లైన్లో ఉండు, కలుపుతున్నా."

రెండు ఫోన్ల స్పీకర్లూ పెట్టి, ఒకదాని నోరు ఇంకోదాని చెవికి ఆనించి దుప్పటి మీద పడుకోబెట్టింది. అలా పెడితే ముందు కీచుమని గోల చేశాయి. కాస్త ఎడం చేస్తే సర్దుకున్నాయి. ప్రత్యూష గుమ్మంలో నిలబడి, చేత్తో నోరు మూసుకుని చూస్తోంది.

"సూర్యాపేటా, మాట్లాడు. మిర్యాలగూడ వింటోంది. నీ ముందర ఏమేం కనపడుతున్నాయో ఒక్కటి విడవకుండా చెప్పు."

ఊర్మిళ మొదలుపెట్టింది. ముందు తడబడింది, తర్వాత గొంతు కుదుటపడింది. తన ఎదుట చెరువు ఉంది, దాని మీద ఎర్ర చెక్క వంతెన, వంతెన పక్కన వంగిపోయిన పెద్ద చెట్టు, కొమ్మలు నీళ్లకు తగులుతున్నాయి. చెట్టు కింద తాటాకు టోపీ పెట్టుకున్న ముసలామె బుట్టలో గులాబీరంగు పండ్లు అమ్ముతోంది, ఆ ముసలామె తనను చూసి జాలిగా ఒక చిన్న కుర్చీ కూడా వేసింది. నాలుగు రోజుల వీడియోల్లో ఒక్కటీ సరిగ్గా కనపడని రజనికి ఇప్పుడు ఆ చెరువు, ఆ గాలి, ఆ ముసలామె మొహం మీద ముడతలు అన్నీ కళ్లకు కట్టాయి.

"ఎర్ర వంతెననా? నేను దాని అవతల ఉన్ననే!" అని అరిచింది జ్యోత్స్న. "కుర్సీల నుంచి లెవ్వకు, ఉరుకొస్తున్న."

ఆయాసం, చెప్పుల చప్పుడు, ఎవరో తోసుకున్నట్టు గొణుగుడు. రజని రెండు చేతులూ ఫోన్ల మీద పెట్టుకుని వింది. ఇంతలో రెండు ఫోన్లలోంచీ ఒకే బజారు చప్పుడు, ఒకే కేక. "ఏడికి పోయినవే పాడుముండా!" "నేనెక్కడికి పోయిన, నువ్వే బట్టలల్ల మునిగితివి!" తిట్టుకుంటున్నారు, ఏడుస్తున్నారు, నవ్వుతున్నారు. ఏది ఎవరి గొంతో కూడా తెలియడం లేదు.

రజని దిండు మీదికి వాలింది. ఇక తన పని అయిపోయింది. ఫోన్లో మాట్లాడుకునే రెండు పార్టీలూ కలిశాక ఆపరేటరు లైన్లోంచి తప్పుకోవాలి, వాళ్ల మాటలు వినకూడదు. ఉద్యోగంలో చేరిన రోజు నేర్పిన మొదటి పాఠం అదే. బోర్డు ముందు కూర్చున్నన్నాళ్లూ ఆమె చేసింది అదే, ఎవరినో ఎవరితోనో కలిపి పక్కకు తప్పుకోవడం. వాళ్లిద్దరినీ వాళ్ల మానాన వదిలేద్దామని వేలు ఎర్ర గుర్తు మీదికి చాపింది.

"కోదాడా!" అంది ఊర్మిళ. "ఓ కోదాడా, ఉన్నవా, పోయినవా? పోకే."

రజని వేలు వెనక్కి తీసుకుంది. "ఉన్నా" అంది. ఆ తర్వాత అనకూడదనుకున్న మాట దానంతటదే వచ్చేసింది. "నన్ను వదిలిపెట్టి ఎలా పోయారే మీరు?"



"నువ్వే పొమ్మంటివి గదనే" అంది జ్యోత్స్న చిన్నగా. "ఇల్లు ఎగిరిపోయేటట్టు ఒర్లితివి. పోకపోతే బాధపడ్తవనుకున్నం."

"పొమ్మంటే పోతారా?"

ఊర్మిళ మళ్లీ ఏడ్చేసింది. "పోయినం. ఏమైందో సూసినవ్ గదా. రోజూ నీకు సూపిస్తున్నమే గని నువ్వు లేకుంటే మాకే ఏం కనవడ్తలేదు. నువ్వు లేవు, ఇద్దరం తప్పిపోయినం."

రజని దుప్పటి అంచుతో మొహం తుడుచుకుంది. తుడుచుకునే కొద్దీ కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. ప్రత్యూష వచ్చి మంచం మీద పక్కన కూర్చుని, ఆమె చెయ్యి పట్టుకుంది.

"సూర్యాపేటా, ఏడుపు చాలు, చార్జింగు అయిపోకముందే కార్డు చూపించి దారి అడగండి, వెలుగులో నడవండి" అంది రజని. "మిర్యాలగూడా, దాని చెయ్యి వదలకు. బిల్లు ఎంతైనా కానీ, హోటల్ చేరేదాకా ఇద్దరూ లైన్లోనే ఉండండి, నేను పెట్టెయ్యను."