మేడ మీది తెర

నేను ఒక పాత కంప్యూటర్‌ని. విజయవాడలో ఒక దుకాణదారు ఎక్కడెక్కడి విడిభాగాలో తెచ్చి, టీ తాగుతూ తాగుతూ నన్ను బిగించాడు. మొదట ఒక ప్రెస్సులో శుభలేఖలు చేశాను. తప్పు పడితే మనుషులు నన్ను తిట్టేవారు. బాగా వస్తే ప్రెస్సు యజమానిని మెచ్చుకునేవారు. ప్రెస్సు మూతపడ్డాక, అక్కడ టైపు చేసే సువార్త నన్ను మంగళగిరిలోని తన ఇంటికి తెచ్చి మేడ మీద గదిలో పెట్టుకుంది.

అక్కడికే పానకాలు మాస్టారి పుస్తకం వచ్చింది. నేతపనివాళ్ల మాటలు ఏళ్ల తరబడి ఏరి ఆయన రాసుకున్న నిఘంటువు అది. ఆయనకు చూపు తగ్గిపోతోంది.

"కళ్లుండగానే ఒక్కసారి అచ్చులో చూసుకోవాలమ్మా," అన్నారు సువార్తతో.

పని సగానికి వచ్చేసరికి ఆమె వానకు తడిసిన వాకిట్లో జారి కాలు విరగ్గొట్టుకుంది. మూడు నెలలు మెట్లెక్కకూడదన్నారు డాక్టరు. భర్త ఏసుపాదం నన్ను కిందికి దించుదామన్నాడు. కదిపితే ఇది మళ్లీ లేవదని మెకానిక్ చెప్పేశాడు. పోనీ పనిని వేరే యంత్రంలోకి మారుద్దామంటే, నాలోని పాత తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేర్ ఇంకెక్కడా పనిచేయదు. దాన్ని తయారుచేసినవాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. ఇక పాత ఇనుములోకే నా ప్రయాణం అనుకున్నాను.

అప్పుడు ఏసుపాదం చెల్లెలు సలోమి వచ్చింది. ల్యాప్‌టాప్ వదిన మంచం మీద పెట్టి, కిందనుంచే నన్ను నడిపించే సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే వేసి చూసింది. మొదటిది ఒకే ఇంట్లో ఉన్న నాకూ ల్యాప్‌టాప్‌కీ మధ్య మాటను కూడా ఇంటర్నెట్‌లో ఊళ్లు దాటించి తెచ్చేది; నెట్ పోతే అదీ పోయేది. రెండోది చురుకైనదే, కానీ కొన్ని మీటలు నా దాకా రానిచ్చేది కాదు. అక్షరం పడేది, దాని కింది వత్తు రాలిపోయేది.

"ఇదే ఉంచుకో వదినా, ఎంత బాగుందో చూడు!" అని నా తెర చూడ్డానికి పైకొచ్చి, మేడ మీంచి అరిచింది సలోమి.

"నాకు హంగులేం వద్దమ్మా. నేను కొట్టిన వత్తు అక్కడ వత్తుగా పడితే చాలు," అంది సువార్త కిందనుంచి.

మూడోది చూడ్డానికి నాలాగే పాతకాలంది. ఇంట్లోని రౌటర్ దాటి బయటికి పోదు. సువార్త దానికి తనకు మాత్రమే తెలిసిన పాస్‌వర్డ్ పెట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే నా తెర మీద బాణం గుర్తు కదిలింది. 'మగ్గం' అని పడింది, వత్తుతో సహా. సంయుక్తాక్షరం ముందు కాస్త ఆగి కొట్టే ఆ అలవాటు నాకు తెలుసు. ఆమే! ఆ వదినా మరదళ్లకు నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఏడు వారాల్లో పుస్తకం పూర్తయింది. అచ్చుకు పంపేముందు నా పెద్ద తెర మీద చూసుకోవడానికి మాస్టారు గోడ పట్టుకుని మేడెక్కి నా ముందు కూర్చున్నారు. అంకితం పేజీ ఒక్కటే ఖాళీగా ఉంది.

"అమ్మా సువార్తా, ఒక్క మాట రాస్తావా?" అని మెట్ల వైపు తిరిగి కేకేశారు.

"చెప్పండి మాస్టారూ!"

"జన్మంతా నూలు కండెలు చుట్టిన మా అమ్మ తాయారమ్మకి."

కింద ఆమె కొడుతుంటే నా తెర మీద ఒక్కో అక్షరం వచ్చి నిలబడింది. ఆయన ముఖం తెర అద్దానికి ఆనేంత ముందుకు వంగారు. ఆయన చూపు సంగతి తెలిసిన సువార్త కిందనుంచే ఆ అక్షరాలు పెద్దవి చేసింది. ఇంకా పెద్దవి చేసింది. తాయారమ్మ పేరు తెర నిండా పరుచుకుంది.

మాస్టారు దాన్ని వేలితో తడుముతూ పైకి చదివారు.

"కనపడుతోందమ్మా," అన్నారు.