పక్కకి రెండు, పైకి ఒకటి

మా మనవరాలు రమ్యశ్రీ పదో తరగతి. నెట్ అవతల నుంచి బంతి ఎంత జోరుగా వచ్చినా వదలదు గానీ, లెక్కల పుస్తకం ఎదురొస్తే మాత్రం పక్కకి తప్పుకుంటుంది. బడిలో త్రోబాల్ జట్టుకి అదే దిక్కు. శనివారం సామర్లకోటలో జోనల్ పోటీలు. అయితే ఈ ఏడు హెడ్‌మిస్ట్రెస్‌గారు ఒక రూలు పెట్టారు. ఆటలకి వెళ్ళే ప్రతి పిల్లా చదువులో వెనకబడ్డ సబ్జెక్టు మాస్టారి దగ్గర సంతకం తెచ్చుకోవాలట. లెక్కల మాస్టారు ఉదయభాస్కర్‌గారు త్రికోణమితిలో పది లెక్కలిచ్చి, ఏడు రైటయితే సంతకం పెడతాను, లేకపోతే లేదన్నారట.

బుధవారం సాయంత్రం ఆ పది లెక్కలూ ముందేసుకుని, మొహం వేలాడేసుకుని వరండాలో కూర్చుంది.

"ఏంటే, ఏమైంది?" అన్నాను.

"టాన్ అర్థం కావట్లేదు తాతయ్యా. నీ ఫోన్ ఒకసారి ఇవ్వవా, వీడియో చూసుకుంటాను."

నాకు ఒళ్ళు మండింది. ధవళేశ్వరం ఇరిగేషన్‌లో ముప్పై నాలుగేళ్ళు వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి నేను. కాలవ గట్టు వాలు సరిగ్గా లేకపోతే చూడగానే చెప్పేసేవాణ్ణి. ఈ వెంకటరాజు వస్తున్నాడంటే కాంట్రాక్టర్లు టేపులు వెతుక్కునేవారు. ఇంత మనిషిని ఇంట్లో పెట్టుకుని, ఇది పోయి ఫోన్ని అడుగుతుందా?

"ఫోనూ లేదు, గీనూ లేదు. పుస్తకం ఇలా తే."

వంటింట్లోంచి మా ఆవిడ సుబ్బాయమ్మ, "ఏవండీ, పిల్ల సామర్లకోట వెళ్ళాలండీ, కాస్త చూసి చెప్పండి" అంది. నా ఉద్యోగమంటే ఎండలో తిరిగొచ్చి మజ్జిగ తాగడమేనని ఆవిడకి మొదట్నుంచీ ఒక అభిప్రాయం.

పట్టించుకోకుండా గట్టు బొమ్మ గీశాను. "చూడు. గట్టు వాలు రెండుకి ఒకటి అంటాం. అంటే పక్కకి రెండడుగులు పోతే పైకి ఒక్కడుగు లేస్తుంది. పక్క ముందు, పైకి తర్వాత. నీ టాన్ కూడా అంతే. దూరాన్ని ఎత్తుతో భాగించు. దీనికింత ఏడుపెందుకే?"

"మా సార్ ఇంకోలా చెప్పినట్టు గుర్తు తాతయ్యా."

"మీ సార్ ఎన్ని గట్లు వేయించాడేంటి?"

తల వంచుకుని రాసుకోవడం మొదలెట్టింది. అర్థమైందనుకున్నాను.

మొదటి లెక్క కొబ్బరిచెట్టు. పది మీటర్ల దూరంలో నిలబడి అరవై డిగ్రీలు పైకి చూస్తే చెట్టు కొస కనబడుతుంది, ఎత్తెంత అని. నేను చెప్పిన లెక్కన అయిదు మీటర్ల డెబ్బై ఏడు సెంటీమీటర్లు వచ్చింది. రమ్య పెన్ను నోట్లో పెట్టుకుని ఆలోచించింది.

"అరవై డిగ్రీలంటే మెడ పట్టేసేంత పైకి చూడాలి కదా? ఆరు మీటర్లు కూడా లేని చెట్టు కోసం అంత దూరం నుంచి అంత పైకెందుకు చూడటం?"

"గంగాబొండం చెట్టయ్యుంటుందే. అవి పొట్టిగానే ఉంటాయి. రాయి, రాయి."

నాలుగో లెక్కలో ముప్పై మీటర్ల అవతల ఓ కరెంటు స్తంభం. ముప్పై డిగ్రీల కోణం. ఎత్తు యాభై రెండు మీటర్లు వచ్చింది. రమ్య కిటికీలోంచి మా వీధి స్తంభం వంక చూసింది, తర్వాత నా వంక చూసింది.

"సెల్ టవర్ని పట్టుకుని పుస్తకంలో స్తంభమని అచ్చేసుంటారు," అన్నాను గట్టిగా. "ఈ రోజుల్లో అచ్చుతప్పులు చూసేవాడెవడు?"

అన్నాల వేళకి పదీ అయిపోయాయి. మీసం దువ్వుకుంటూ పీట మీద కూర్చుని, "మీ మాస్టారు రేపు నన్నే వచ్చి పాఠం చెప్పమంటాడేమో" అన్నాను. సుబ్బాయమ్మ ఇంకో గరిటె పప్పు వేసింది. ఆ వేయడంలోనే ఏదో వెటకారం ఉంది.

గురువారం సాయంత్రం రమ్య బడి నుంచి వచ్చి పుస్తకం నా ముందు పెట్టింది. తొమ్మిది లెక్కలకి ఎర్ర ఇంటూలు. ఒక్కదానికి టిక్కు. సంతకం లేదు. లోపలికి వెళ్ళిపోయింది. రోజూ పెరట్లో గోడకేసి బంతి కొట్టే పిల్ల ఆ రోజు బంతి ముట్టుకోలేదు. ఇల్లంతా చప్పుడు లేకుండా ఉంటే నాకు అన్నం సహించలేదు.

శుక్రవారం సాయంత్రంలోగా జట్టు పేర్లు పంపేస్తారు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో టేపు పెట్టుకుని, పొద్దున్నే బడికి వెళ్ళాను. టేపెందుకంటే ఏం చెప్పను, అది జేబులో ఉంటే నాకు ధైర్యం.

ఉదయభాస్కర్‌గారు మా అబ్బాయి వయసువాడు. నన్ను చూసి లేచి కుర్చీ వేశాడు.

"రమ్యశ్రీ తాతయ్యగారా? రండి, కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారాండీ?"

"నీళ్ళు తర్వాతండి. ఈ లెక్కల్లో తప్పేంటో చెప్పండి ముందు."

"అన్నింట్లోనూ ఒకటే తప్పండి. టాన్ అంటే ఎత్తుని దూరంతో భాగించాలి. పిల్ల దూరాన్ని ఎత్తుతో భాగించింది, తిరగేసిందన్నమాట. నలభై అయిదు డిగ్రీల లెక్కలో రెండూ సమానం కాబట్టి, అదొక్కటీ తిరగేసినా రైటయిపోయింది." నవ్వి, "ఎవరు చెప్పారమ్మా ఇలాగని అడిగానండి. ఎవరూ చెప్పలేదు సార్, నేనే పొరబడ్డాను అంది" అన్నాడు.

గట్టు మీద పక్క ముందు చెబుతాం. బడిలో ఎత్తు ముందు చెబుతారు. ఇంత చిన్న సంగతి. ముప్పై నాలుగేళ్ళు పట్టుకు తిరిగిన మాటని పిల్ల నెత్తిన తిరగేసి రుద్దాను, అది అనుమానపడ్డ ప్రతిసారీ నోరు మూయించాను. పైగా చెట్టుని పొట్టిది చేశాను, స్తంభాన్ని టవర్ని చేశాను.

అప్పుడు గుమ్మంలో రమ్య కనబడింది. ఏదో హాజరు పుస్తకం ఇవ్వడానికి వచ్చింది. నన్ను చూసి కంగారుగా తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దు తాతయ్యా అన్నట్టు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల ఆట పోయినా సరే గానీ నా పరువు పోకూడదనుకుంది.

"మాస్టారూ, చెప్పింది నేనేనండి" అన్నాను. "పిల్ల మూడుసార్లు అనుమానపడింది. నేనే దబాయించాను. దాని తప్పేం లేదండి."

ఆయన తెల్లకాగితం తీసి, అయిదు కొత్త లెక్కలు రాసి రమ్యకిచ్చాడు. "నాలుగు రైటవ్వాలి. పక్కగదిలో కూర్చుని చెయ్యి. తాతయ్యగారు బయటే ఉంటారు" అన్నాడు. చివరి మాట నొక్కి మరీ అన్నాడు.

నేను వరండా బల్ల మీద కూర్చున్నాను. వరదలప్పుడు రాత్రంతా గట్టు మీద కాపలా ఉన్నాను గానీ, అంత బెదురెప్పుడూ ఎరగను. పావుగంటకి రమ్య బయటికొచ్చింది, కాగితం నా మొహం ముందు ఊపుతూ. అయిదుకి అయిదు. కింద సంతకం.

"ఎలా చేశావే?"

"నువ్వు చెప్పినట్టే చేశాను తాతయ్యా. చివర్లో తిరగేశాను."

శనివారం పొద్దున్న బడి గేటు దగ్గర మినీబస్సు ఆగి ఉంది. రమ్య భుజానికి సంచీ తగిలించుకుంటుంటే ఉండబట్టలేక అడిగాను. "ఎవరూ చెప్పలేదని ఎందుకన్నావే? నా పేరు చెప్పేస్తే పోయేదిగా."

"నువ్వే తప్పు చెప్పావని తెలిస్తే నువ్వు కొలిచిన గట్ల మీద అందరికీ అనుమానం రాదూ? ఊరంతా పడవలు కొనుక్కోవాలి" అంది. నవ్వుతూనే అంది గానీ, నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు కూడా.

బస్సు కదిలింది. కిటికీలోంచి తల బయట పెట్టి, జట్టంతా వినేలా అరిచింది.

"తాతయ్యా! టాన్ అంటే?"

పక్కన కిళ్ళీ కొట్టు దగ్గర నలుగురు తిరిగి చూశారు. అందులో ఇద్దరు నా దగ్గర పనిచేసినవాళ్ళు. జేబులో టేపు మీద చెయ్యి పడింది గానీ, బయటికి తీయలేదు.

"ఎత్తు ముందమ్మా!" అని అరిచాను. "ఎత్తు పైన, దూరం కింద!"

రమ్య కిటికీలోంచి చెయ్యి చాపి గాల్లో పెద్ద టిక్కు పెట్టింది.