ఎదురుగాలి లెక్క

ఏ విమానం ఏ దారిన వెళ్ళాలో, ఎంత ఇంధనం పోసుకోవాలో నేల మీద కూర్చుని తేల్చే గది అది. ఆ పనిలో ఇరవై ఎనిమిదేళ్ళుగా ఉన్న ఆవిడను అక్కడందరూ పెద్దక్క అంటారు. బడిలో లెక్కలు చెప్పడం మాని వచ్చి చేరిన టీచరమ్మకు మాత్రం అది మూడో వారం. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుంది, ఇందులో బ్రహ్మవిద్య ఏముందని ఆమె ధీమా.

ఆ ఉదయం సరుకుల విమానంలో ఒక ఆసుపత్రికి మందు వెళ్ళాలి. స్కానింగుకు ముందు రోగులకు ఎక్కించే మందు. తయారైన క్షణం నుంచీ దాని సత్తువ తరిగిపోతూనే ఉంటుంది. విమానం రెండుంపావు గంటల్లో దిగకపోతే పారబోయాల్సిందే. అక్కడ పన్నెండు మంది పరగడుపున కూర్చుని ఎదురుచూస్తున్నారు.

టీచరమ్మ కంప్యూటర్‌లోంచి తిన్నని దారి ఒకటి కాగితం మీద తీసి పెద్దక్క చేతిలో పెట్టింది. "పద్నాలుగు వందల కిలోమీటర్లక్కా. గంటా యాభై నిమిషాలు."

పెద్దక్క దారి వంక చూడనే లేదు. కాగితం మూల చూసింది. "ఇందులో వేసిన గాలి ఎప్పటిదమ్మా?"

నిన్నటిది. తెల్లవారాక వచ్చిన కబురును టీచరమ్మ తెరిచి చూడలేదు. ఇప్పుడు చూస్తే ఆ దారి పొడవునా గంటకు రెండు వందల కిలోమీటర్ల ఎదురుగాలి! ఎనిమిది వందల వేగం ఆరు వందలకు పడిపోతుంది. అంటే రెండు గంటల ఇరవై నిమిషాలు. గడువు కన్నా ఐదు నిమిషాలు ఎక్కువ!

పెద్దక్క పల్లెత్తు మాట అనలేదు. పటం మీద వేలు ఉత్తరంగా జరిపింది. "ఇటు పోతే నూట నలభై కిలోమీటర్లు ఎక్కువ. గాలి మాత్రం నలభై దాటదు. ఏదీ, లెక్క కట్టు."

"రెండు గంటల రెండు నిమిషాలు!" అంది టీచరమ్మ, నమ్మలేనట్టు.

దారి చూసి పైలట్ ఫోన్ చేశాడు. "ఏంటక్కా, ముక్కెక్కడంటే తల చుట్టూ తిప్పి చూపిస్తున్నావ్?"

"ఎదురుగాలితో కుస్తీ ఎందుకు తమ్ముడూ? చుట్టు తిరిగినా ముందే దిగుతావు."

విమానం రెండు గంటల ఆరు నిమిషాలకు దిగింది. మందు పనికొచ్చిందని ఆసుపత్రి నుంచి కబురొచ్చేసరికి గదంతా ఊపిరి పీల్చుకుంది. పెద్దక్క మాత్రం మళ్ళీ పైలట్‌కు ఫోన్ కలిపింది. "నేను రెండన్నాను, నీకు ఆరయింది. ఆ నాలుగు నిమిషాలు ఎక్కడ పోయాయి?"

దిగేముందు ఒక పెద్ద మబ్బును తప్పించుకోవాల్సి వచ్చిందట.

"అది నాకు ముందే కనబడాల్సింది," అని ఆవిడ పొద్దుటి మేఘాల పటం తెరిచి వెతకసాగింది.

టీచరమ్మ అలాగే చూస్తూ ఉండిపోయింది. తప్పు చేసిన తనను ఒక్క మాట అనని మనిషి, అందరూ మెచ్చుకున్న లెక్కలో తన తప్పు వెతుక్కుంటోంది! పదేళ్ళు బడిలో ఎన్ని వేల జవాబులు దిద్దిందో, ఇలాంటి మనిషి మాత్రం ఆమెకు తారసపడలేదు. కుర్చీ లాక్కుని పెద్దక్క పక్కన చేరింది.

"ఏ మబ్బక్కా? నాకూ చూపించు."